లోపలి కొలత

జతల హాల్లో నలభై మంది కూర్చుంటారు గాని మాటలు వినపడవు, మౌసులు నొక్కే చప్పుడే వినపడుతుంది. ఒక్కొక్కరి ముందూ ఒక తెర. తెరకి ఎడమ పక్క ఎవరో ఒక దుకాణందారు అమ్మకానికి పెట్టిన వస్తువు ఉంటుంది. అతను తీసుకున్న ఫోటో, అతను పెట్టుకున్న పేరు, అతనికి తోచినట్టు రాసుకున్న వివరాలు. కుడి పక్క కంపెనీ వాళ్ళ ప్రామాణిక పేజీ ఉంటుంది. రెండూ ఒకే వస్తువైతే 'జత' అని నొక్కాలి, కాకపోతే 'జత కాదు' అని నొక్కాలి. జత అనగానే ఎడమ పక్కది తెర వెనక్కి వెళ్ళిపోతుంది. ఇక ఆ దుకాణందారు ఏం రాసుకున్నా కొనేవాళ్ళకి కనిపించేది కుడి పక్కదే. ఒకే వస్తువు వందమంది అమ్మితే వందమందికీ కలిపి ఒకటే పేజీ, ఒకటే ఫోటో, ఒకటే కొలత. ఒక్కో జతకి ఇచ్చే సమయం నలభై సెకన్లు.

ఆ నలభై సెకన్లు సరిపోని మనిషి హాలు మొత్తానికి ఒక్కర్తే ఉంది. ఫోటో పెద్దది చేసి చూస్తుంది, వివరాలు పెదాలు కదుపుతూ చదువుతుంది, నొక్కబోయి ఆగి మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకని ఆమెకి 'నిదానం' అని పేరు పెట్టారు. పెట్టింది పక్క సీటు అమ్మాయి. ఆ అమ్మాయి పదిహేను సెకన్లలో పని ముగించి మిగతా ఇరవై అయిదూ గోళ్ళు చూసుకుంటుంది కనక ఆమెని 'మెరుపు' అంటారు. ఆ పేరు పెట్టింది నిదానమే. అక్కడితో ఇద్దరికీ చెల్లు.

వేగం లేకపోయినా నిదానం పనిలో తప్పులు ఉండవు. కాంట్రాక్టు మీద ఉన్న తొమ్మిది మందిలో అయిదుగురిని పర్మనెంటు చేస్తూ శుక్రవారం జాబితా వస్తుందని, అందులో ఆమె పేరు ఖాయమని హాల్లో అందరూ అంటున్నారు. ఆమె మాత్రం "చూద్దాంలే" అని ఊరుకునేది. లోపల మాత్రం రోజుకి పదిసార్లు శుక్రవారం ఎప్పుడొస్తుందా అనుకునేది. పర్మనెంటు అయితే మూడు నెలలకోసారి పిలుపు వస్తుందో రాదో అని ఎదురుచూడక్కర్లేదు.

మంగళవారం పొద్దున్నే ఆమె తెర మీదికి ఒక మూసివేత ఫైలు వచ్చింది. ఏ దుకాణం మీదైనా మూడు తప్పు గుర్తులు పడితే దాన్ని మూసేస్తారు. మూసే ముందు ఎవరో ఒక మనిషి చూసి 'సరే' నొక్కాలి. నొక్కకపోయినా గడువు దాటగానే అదే మూసుకుపోతుంది. ఈ దుకాణం నంబరు 4417. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. అమ్మేది ఒకటే సరుకు, చేతికర్రల అడుగున తొడిగే రబ్బరు తొడుగులు. కర్ర నేలమీద జారకుండా పట్టుకునేవి.

మూడు గుర్తులూ ఒకటే కారణానికి పడ్డాయి. 'పేరులో రాసిన కొలత ప్రామాణిక పేజీతో కలవడం లేదు.' దుకాణందారు పందొమ్మిది మిల్లీమీటర్లు అని రాస్తున్నాడు. ప్రామాణిక పేజీలో ఇరవై రెండు ఉంది. కంపెనీ అదే, మోడలు నంబరు అదే, ఫోటోలో గాట్లు కూడా అవే. మూడో గుర్తు కింద ఉన్నది నిదానం నంబరే. పది రోజుల కిందట తనే వేసింది. చూసుకుని 'సరిగానే వేశాను' అనుకుంది. పద్నాలుగు ఫిర్యాదులు కూడా ఉన్నాయి, అన్నీ సైజు తప్పనే.

పేజీ అడుగున 'దుకాణందారు మాట' అని ఒక మడత ఉంటుంది. నొక్కితే తెరుచుకుంటుంది. దాన్ని తెరవడానికి నలభై సెకన్లలో చోటు లేదు కనక ఎవరూ తెరవరు. మూసివేత ఫైల్లో మాత్రం అది తెరుచుకునే వస్తుంది. నిదానం తన అలవాటు కొద్దీ పెదాలు కదుపుతూ చదివింది.

మొదటిది ఎనిమిది నెలల కిందటిది. 'అయ్యా, మీ పేజీలో ఉన్న కొలత తప్పు. ఇది ఇరవై రెండు కాదు, పందొమ్మిది. నేను పందొమ్మిది అని రాస్తే మీరు ఇరవై రెండు అని చూపిస్తున్నారు. ఇరవై రెండు కర్ర ఉన్నవాళ్ళు కొనుక్కుని, పట్టక, నన్ను తిడుతున్నారు. దయచేసి సరిచేయండి.' రెండోది అంత పొడుగు లేదు. 'ఇంకా సరిచేయలేదు. దయచేసి కొలిచి చూడండి.' మూడోది, నాలుగోది అలాగే కురచవుతూ వచ్చాయి. అయిదోదానికి ఒక ఫోటో జత చేశాడు. ముతక వేళ్ళు రబ్బరు తొడుగుని తిరగేసి పట్టుకుని ఉన్నాయి, దాని మూతికి అడ్డంగా స్కేలు ఉంది. ఆరోది పోయిన వారం వచ్చింది. అందులో ఒకటే మాట ఉంది.

'కొలవండి.'

నిదానం 'సరే' మీదికి తీసుకెళ్ళిన బాణాన్ని అక్కడే ఉంచి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏంటక్కా, ఆగిపోయావ్?" అంది మెరుపు గోళ్ళు చూసుకుంటూనే.

"ఇతను కొలవమంటున్నాడు."

"మనమెలా కొలుస్తాం? మనం తెర మీదివే కదా చూసేది. పేజీలో ఇరవై రెండుంటే ఇరవై రెండే."

"పేజీ తప్పైతే?"

మెరుపు అప్పుడు గోళ్ళ మీంచి కళ్ళెత్తింది. "పేజీ తప్పవడమేంటి అక్కా? పేజీ పేజీయే కదా!" అని, తన తెర వైపు తిరిగి ఒక జత నొక్కేసింది. నిదానం ఆ ఫైలుని 'తర్వాత' అనే సొరుగులో పెట్టింది.

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింటి గట్టు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, చేతికర్రని తలకిందులుగా ఒళ్ళో పెట్టుకుని, దాని కొసకి సబ్బు రుద్దుతోంది. పక్కనే గిన్నెలో వేడినీళ్ళు. నీళ్ళలో బూడిదరంగు రబ్బరు తొడుగు ఒకటి తేలుతోంది.

నిదానం చేతిసంచీ భుజం మీంచి దించకుండానే నిలబడిపోయింది. "ఏం చేస్తున్నారత్తయ్యా?"

"దీని పెళ్ళి చేస్తున్నాను. నెలరోజుల్నుంచీ ఒప్పుకోవట్లేదు" అంది అత్తగారు. "పాతది అరిగి నున్నగా అయిపోయింది. మొన్న స్నానాలగది ముందు కర్ర సర్రున జారితే తలుపు పట్టుకుని ఆగాను. ఇది కొత్తది, మీ కంపెనీ సరుకే. నానబెడితే సాగుతుందని చూస్తున్నా."

"సైజు ఎంతని తెప్పించారు?"

"ఇరవై రెండు. నా కర్ర ఇరవై రెండే. కొన్నప్పుడు ఆ షాపతను టేపు పెట్టి మరీ చెప్పాడు. ఏమో, వయసు మీద పడి కర్ర కూడా లావెక్కిందేమో!" అని తన జోక్‌కి తనే నవ్వుకుంది అత్తగారు.

నిదానానికి నవ్వు రాలేదు. గిన్నెలోంచి రబ్బరు తీసి కొంగుతో తుడిచింది. గదిలోకి వెళ్ళి బల్ల సొరుగులో ఉన్న స్టీలు స్కేలు తెచ్చింది. వంటింటి దీపం కిందకి వచ్చి తొడుగుని తిరగేసి పట్టుకుని, మూతికి అడ్డంగా స్కేలు ఆనించింది. లోపలి అంచు నుంచి లోపలి అంచుకి పందొమ్మిది. రబ్బరు మందం ఒక పక్క ఒకటిన్నర, ఇంకో పక్క ఒకటిన్నర. బయటి అంచు నుంచి బయటి అంచుకి సరిగ్గా ఇరవై రెండు.

కర్ర పట్టేది లోపల కదా. బయట ఎంతుంటే ఎవరికి కావాలి? ఎవరో మహానుభావుడు పైనుంచి కొలిచి ఇరవై రెండని రాశాడు, దాన్ని ఇంకెవరో పేజీగా ఎక్కించారు. అప్పట్నుంచి సరిగ్గా కొలిచినవాడల్లా తప్పులవాడవుతున్నాడు.

"అత్తయ్యా, ఇది ఏ దుకాణంలోది?"

"దుకాణం పేరు నాకేం తెలుసు! మీ ఆయన ఫోన్లో నొక్కాడు. అది పట్టలేదని చుక్కలు కూడా ఇప్పించాను."

"ఎన్నిచ్చారు?"

"ఒకటి. సున్నా ఇద్దామంటే ఆ ఫోను ఒప్పుకోలేదు. సైజు తెలియని దొంగ దుకాణం అని రాయించాను" అని అత్తగారు గర్వంగా చెప్పింది.

నిదానం ఆ రబ్బరుని, స్కేలుని కలిపి ఒక గుడ్డముక్కలో చుట్టి చేతిసంచీలో పెట్టుకుంది. ఆ 'దొంగ దుకాణం' మాట పొద్దున ఫైల్లో చదివిందే. పద్నాలుగు ఫిర్యాదుల్లో ఒకటి తన ఇంట్లోంచే వెళ్ళింది. ఆ ముతక వేళ్ళ మనిషి ఎనిమిది నెలలుగా గోడకి మొరపెట్టుకుంటున్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావే దాన్ని?"

"ఆఫీసుకి. మీరు మాత్రం సరైనది దొరికేదాకా ఆ కర్రతో గడప దాటకండి."

*

బుధవారం ఆమె ఆ ప్రామాణిక పేజీ పుట్టుపూర్వోత్తరాలు తెరిచింది. ప్రతి పేజీకీ ఒక చరిత్ర ఉంటుంది. ఎప్పుడు పుట్టింది, ఏ దుకాణం సరుకుని చూసి తయారుచేశారు, ఎవరు తయారుచేశారు అన్నీ ఉంటాయి. కుడి పక్కన పేజీ లేని కొత్త వస్తువు వచ్చినప్పుడు మొదటి దుకాణందారు రాసిందే ఎత్తి ప్రామాణికంగా పెడతారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళని దానితో పోల్చి చూస్తారు. మొదట వచ్చినవాడు ఒప్పు రాశాడా తప్పు రాశాడా అని అడిగే బటన్ ఎక్కడా లేదు.

ఆ మొదటి దుకాణం ఇప్పుడు లేదు. ఎప్పుడో మూసుకుపోయింది. అతను పెట్టిన ఫోటో మాత్రం ఉంది. నిదానం దాన్ని పెద్దది చేసింది. రబ్బరు మూతి మీద స్కేలు, స్కేలు సున్నా బయటి అంచు మీద. ఎవరు చూసినా తెలిసిపోయేలా తెర మీదే ఉంది. 'ఇంత స్పష్టంగా ఉంటే చూసుకోకుండా ఎక్కించిన గుడ్డి మనిషి ఎవరో' అని విసుక్కుంటూ కిందికి జరిపింది.

తయారుచేసినవారు అన్న చోట ఉన్నది ఆమె నంబరే.

తేదీ చూసింది. చేరిన మూడో రోజు. ఆమెకి నిదానం అనే పేరు రాకముందు. వేగం లేకపోతే తీసేస్తారని భయపడి ఊపిరి బిగపట్టి నొక్కిన రోజుల్లో ఎప్పుడో. ఆ రోజు ఎన్ని పేజీలు ఎక్కించిందో, ఈ పేజీ మీద ఎన్ని సెకన్లు పెట్టిందో ఏమీ గుర్తులేదు. చుట్టూ చూసింది. ఎవరి తెర వాళ్ళు చూసుకుంటున్నారు.

మామూలు తప్పుకి అర మార్కు పోతుంది. ప్రామాణిక పేజీ తప్పుకి పదిహేను మార్కులు. పోయిన ఏడాది ఈ కారణం మీదే ఇద్దరు వెళ్ళిపోయారు, ఒకావిడ తన టీ కప్పు కూడా తీసుకోకుండా వెళ్ళింది. పదిహేను పోతే జాబితా మాట దేవుడెరుగు, కాంట్రాక్టే ఉండదు.

మధ్యాహ్నం క్యాంటీన్లో టీ తాగుతూ మెరుపుకి చెప్పింది. చెప్పాలనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది.

మెరుపు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"మరి ఇంకేం! శుక్రవారం అయిదింటికి అదే మూసుకుపోతుంది. నువ్వు నొక్కనక్కర్లేదు కూడా. జాబితా పొద్దున్నే వస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా సరిచేసుకో."

"అప్పటికి అతని దుకాణం ఉండదు కదే."

"ఇంకో పేరుతో ఇంకోటి తెరుచుకుంటాడులే అక్కా. నువ్వు ఇంకో ఉద్యోగం తెరుచుకోగలవా?" మెరుపు మాటలో ఎగతాళి లేదు. నిజంగా భయపడే అంది. ఆ అమ్మాయి కూడా ఆ తొమ్మిది మందిలో ఒకతి.

టీ చల్లారి పైన మీగడ కట్టింది. ఆ సాయంత్రం మిగిలిన జతలన్నీ ఆమె మరీ నిదానంగా చేసింది. తప్పులకి మార్కులు కోసే మార్కులాయన తన అద్దాల గదిలోంచి రెండుసార్లు తలెత్తి చూశాడు.

*

గురువారం పొద్దున వచ్చీ రాగానే దిద్దుబాటు ఫారం తెరిచింది. తెల్లారేసరికి ధైర్యం వచ్చేసిందని కాదు. ఆరో ఉత్తరంలోని ఆ ఒక్క మాట పడుకున్నా లేచినా వదలడం లేదు. దాన్ని వదిలించుకోవాలంటే ఇదొక్కటే దారి అని తోచింది.

పేజీ నంబరు రాసింది. తప్పు ఏమిటో రాసింది. 'బయటి కొలతని లోపలి కొలతగా ఎక్కించడం జరిగింది' అని మొదట రాసి, ఆ 'జరిగింది' ఆమెకే నచ్చక కొట్టేసి 'ఎక్కించాను' అని మార్చింది. చివర రెండు గడులున్నాయి. తప్పు చేసినవారు. తప్పు పట్టినవారు. మొదటి గడిలో తన నంబరు రాసింది. రెండో గడిలోనూ తన నంబరే రాసింది. కళ్ళు మూసుకుని 'పంపు' నొక్కింది.

ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'రెండు గడుల్లో ఒకే నంబరు ఉండరాదు.'

ఇంకోసారి నొక్కింది. మళ్ళీ అదే. ఒక్క క్షణం ఆమెకి ఎక్కడలేని తేలిక కలిగింది. నేను చెబుతానన్నాను, అదే వద్దంది, ఇక నా తప్పేముంది? ఆ తేలికని తలుచుకుని మరుక్షణమే సిగ్గుపడింది. చేతిసంచీలోంచి గుడ్డముక్క తీసుకుని లేచి అద్దాల గది వైపు నడిచింది. మెరుపు గోళ్ళు మానేసి నోరు తెరుచుకుని చూసింది.

మార్కులాయన హాలంతటికీ పెద్ద చెకర్. ప్రతి సోమవారం గోడమీది తెల్లబోర్డు మీద ఆకుపచ్చ మార్కరుతో తప్పుచేసినవాళ్ళ నంబర్లు, పోయిన మార్కులు తన చేత్తో రాస్తాడు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. మాట్లాడే ముందు పెన్నుకి మూత పెట్టడం ఆయన అలవాటు. ఆ మూత టిక్కుమంటే చాలు, ఎదుటివాళ్ళు నిటారుగా నిలబడతారు.

టిక్కుమంది. "చెప్పండమ్మా."

"సార్, దిద్దుబాటు ఫారం వెళ్ళట్లేదు."

"ఎక్కడ ఆగింది?"

"చివరి గడి దగ్గర."

"తప్పు ఎవరిది?"

"నాది సార్."

"పట్టిందెవరు?"

"నేనే."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అలా కుదరదమ్మా. ఈ పదకొండేళ్ళలో అలా ఎవరూ పంపలేదు. అందుకని కుదిరేలా పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. ఏంటా తప్పు?"

ఆమె గుడ్డముక్క విప్పి రబ్బరు, స్కేలు బల్లమీద పెట్టింది. ఈ హాల్లో ఒక నిజమైన వస్తువుని బల్లమీద పెట్టడం ఆయన కూడా చూసి ఉండడు. మనం రాసిందే చూస్తాం, ఊహించం అని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది ఆయనే. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మోడలు నంబరు చదివాడు. తెర మీద పేజీ తెరిచాడు. తర్వాత స్కేలు తీసుకుని మూతి మీద ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "ఇరవై రెండే కదమ్మా. సరిగ్గానే ఉంది" అన్నాడు.

నిదానం చెయ్యి చాపి స్కేలుని రవ్వంత జరిపింది. సున్నా బయటి అంచు మీంచి లోపలి అంచుకి వచ్చింది. "కర్ర ఇక్కడ పడుతుంది సార్."

ఆయన మళ్ళీ చూశాడు. ఈసారి రెండు కళ్ళతో చూశాడు. పందొమ్మిది. ఆయన మెడ వెనక చెయ్యి వేసుకున్నాడు. ఆమె 4417 సంగతి చెప్పింది. ఆరు ఉత్తరాల సంగతి, మూడు గుర్తుల సంగతి, అందులో తన గుర్తు సంగతి, ఇంట్లోంచి వెళ్ళిన ఒక చుక్క సంగతి కూడా దాచలేదు.

"చేరిన మూడో రోజు ఎక్కించాను సార్. ఫోటోలోనే ఉంది. చూసుకోలేదు."

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కుని పేజీ చరిత్ర తెరిచాడు. ఆమె తెరలో తయారుచేసినవారి దగ్గర ఆగిపోయే ఆ చరిత్ర, పెద్ద చెకర్ తెరలో ఇంకో వరస కిందికి వెళుతుంది. ఆ వరస చూసి ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తెరని ఆమె వైపు తిప్పాడు. 'ఆమోదించినవారు' అని ఉంది, పక్కన ఒక నంబరు ఉంది.

"ఈ నంబరు ఎవరిదో తెలుసా?"

"తెలీదు సార్."

"నాది."

బయట మౌసుల చప్పుడు వినపడుతోంది.

"మీరు చేరి మూడు రోజులు. నేను చేరి తొమ్మిదేళ్ళు అప్పటికి" అన్నాడాయన. "కొత్త పేజీని ఇంకొకరు చూసి సరే అనాలని రూలు. ఆ నెలలో రోజుకి తొమ్మిది వందలు సరే అన్నాను. చూసి అన్నానో చూడకుండా అన్నానో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు స్కేలు చేతికిచ్చి కొలవమన్నా ఇరవై రెండే అన్నాను, చూశారుగా."

ఆయన ఫారం తెరిచి మొదటి గడిలో ఆమె నంబరు చెరిపేసి తన నంబరు కొట్టాడు.

"సార్, అది తప్పు. చేసింది నేను."

"ఆమోదించిన పేజీకి పూచీ ఆమోదించినవాడిదే. రూలు పుస్తకం నేనే రాశానమ్మా, చదివినవాళ్ళు ఎవరూ లేరు గాని." ఆయన మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. "పోయిన ఏడాది ఇద్దరు వెళ్ళారే, వాళ్ళ ఫారాల్లో ఈ గడి వాళ్ళ నంబర్లతో నింపింది నేనే. అప్పుడు నాకు రూలు గుర్తు రాలేదు. వాళ్ళని ఇప్పుడు వెనక్కి పిలవలేను. కనీసం ఇదైనా సరిగ్గా నింపనివ్వండి."

"మీ మార్కులు పోతాయి కదా సార్."

"పోనివ్వండి. బోర్డు మీద నా నంబరు చూసి హాలంతా ఒక పూట సంబరపడుతుంది. పాపం, వాళ్ళకి మాత్రం ఏం సరదాలున్నాయి!"

నిదానానికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుంది. ఫారం అడుగున 'ఇతర విషయాలు' అనే చోట తనే వంగి కీబోర్డు అందుకుని 'ఈ పేజీని మొదట తప్పుగా తయారుచేసింది నేను' అని రాసి తన నంబరు పెట్టింది. ఆయన వద్దనలేదు. ఆమె లేచి నిలబడ్డాక, పెన్ను మూత తీస్తూ, "ఆ రబ్బరు ఇక్కడ ఉంచండి, పైవాళ్ళకి చూపించాలి" అన్నాడు.

"అది మా అత్తగారిది సార్."

"ఆవిడ కర్ర ఇరవై రెండు కదా, దీంతో ఆవిడకేం పని? సాయంత్రం వెళ్తూ బజార్లో కర్ర పట్టుకెళ్ళి సరైనది తొడిగించండి. మన దగ్గర మాత్రం ఇంకో రెండు రోజులు కొనకండి" అన్నాడు మార్కులాయన.

*

శుక్రవారం పొద్దున హాల్లోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే బోర్డు ముందు ఆగిపోయారు. సోమవారం కాదు, అయినా బోర్డు మీద కొత్త రాత ఉంది. ఆకుపచ్చ మార్కరుతో, ఎప్పటి గుండ్రటి అక్షరాలతోనే, పెద్ద చెకర్ నంబరు, పక్కన పదిహేను. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత మోచేతులతో ఒకరినొకరు పొడుచుకున్నారు. ఒకాయన ఫోను తీసి ఫోటో కూడా తీసుకున్నాడు. అద్దాల గదిలో మార్కులాయన తలెత్తకుండా పని చేసుకుంటున్నాడు.

పదింటికి జాబితా వచ్చింది. మెరుపు పదిహేను సెకన్లు కాదు, అయిదు సెకన్లలో చదివేసి నిదానం చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "ఇద్దరం ఉన్నామక్కా!" నిదానం నిదానంగా తనే ఒకటికి రెండుసార్లు చదువుకుంది. నాలుగో వరసలో తన పేరు ఉంది. సంతోషం వచ్చింది గాని పూర్తిగా రాలేదు. గోడమీది ఆ పదిహేను అంకె వైపు కళ్ళు పోతున్నాయి. ఇంకో పక్క గడియారం వైపు పోతున్నాయి. ఫారం పైకి వెళ్ళింది గాని జవాబు రాలేదు. 4417 ఫైలు ఇంకా 'తర్వాత' సొరుగులోనే ఉంది, గడువు అయిదు గంటలే.

పన్నెండయింది. రెండయింది. మూడున్నరకి ఆమె లేచి మంచినీళ్ళు తాగి వచ్చింది. నాలుగుకి మళ్ళీ లేచింది. మెరుపు "కూర్చో అక్కా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది. నాలుగూ పదికి ప్రామాణిక పేజీ కుడి పక్కన ఒకసారి మినుక్కుమని మళ్ళీ వచ్చింది. ఇరవై రెండు పోయింది. 'లోపలి కొలత: 19 మి.మీ.' అని ఉంది. దాని కింద, నిన్నటిదాకా లేని కొత్త వరస ఒకటి వచ్చింది. 'బయటి కొలత: 22 మి.మీ. మీ కర్రకి చూడవలసింది లోపలి కొలత.' ఆ రెండో వాక్యం మార్కులాయనదే అయి ఉంటుంది. కంపెనీ అలా మాట్లాడదు.

నిదానం 'తర్వాత' సొరుగు తెరిచింది. 4417 మీది గుర్తుల్లో ఒకటి పోయింది, రెండోది పోయింది. మూడోది, తనది, తనే తీసేయాలి. నొక్కింది. 'ఈ దుకాణం తెరిచి ఉంది' అని వచ్చింది. పద్నాలుగు ఫిర్యాదుల మీదా కొట్టివేసినట్టు గీత పడింది, అందులో 'దొంగ దుకాణం' కూడా ఉంది. మంగళవారం నుంచీ గుండెల మీద ఉన్న బరువు దిగి, ఆమె కుర్చీలో మొత్తంగా వెనక్కి వాలింది. లేచి గట్టిగా అరవాలనిపించింది. హాల్లో అరవరు కనక మెరుపు భుజం మీద ఒక్కటి చరిచింది.

"అబ్బా! నేనేం చేశానక్కా?"

అయిదుకి పది నిమిషాలుందనగా ఫైలు అడుగున మడత దగ్గర చిన్న ఎర్రచుక్క వెలిగింది. దుకాణందారు ఏదో రాశాడు. నిదానం చీర కొంగు సర్దుకుంది. ఎవరో ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. మడత తెరిచింది. ఎనిమిది నెలలు మొరపెట్టుకున్న మనిషి, ఏమంటాడో. తిట్టినా పడాలి అనుకుంది. ఒకవేళ దండం పెడితే అది ఇంకా కష్టం.

'కొలిచారు. సంతోషం. నా దగ్గర ఇంకా ఏడు సైజులున్నాయి. మీ పేజీల్లో ఏడూ ఇలాగే ఉన్నాయి. వరసగా రాస్తున్నాను, ఒకటొకటిగా కొలవండి.'

కింద ఏడు నంబర్లు, ఏడు కొలతలు, ఏడు ఫోటోలు. అన్నింట్లోనూ అవే ముతక వేళ్ళు.

నిదానం పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామన్నా ఆగలేదు. రెండేళ్ళలో ఆ హాల్లో అంత గట్టిగా ఎవరూ నవ్వి ఉండరు. నలభై మౌసులూ ఆగాయి. అద్దాల గది తలుపు తెరుచుకుని మార్కులాయన వచ్చి ఆమె వెనక నిలబడి, వంగి, తెర మీదిది మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఈ ఏడూ ఎవరు సరే అన్నారో చూడమంటారా సార్?" అంది నిదానం కళ్ళు తుడుచుకుంటూ.

"చూడక్కర్లేదు, నాకు తెలుసు" అన్నాడాయన. మెరుపు కుర్చీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి నిన్న తన బల్లమీదే ఉండిపోయిన స్టీలు స్కేలు తీశాడు. "చదవండి, మొదటిదేదో" అన్నాడు.